యాత్రికుడి నాలుక - కూలీ కడుపు

1

కథనూ నవలనూ కవిత్వాన్నీ చర్చించినంతగా మన విమర్శ యాత్రా సాహిత్యాన్ని చర్చించలేదు. యాత్రా రచన కాలక్షేపానికి రాసేదనీ, అందులో దృక్పథం వెతకవలసిన పని లేదనీ ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. ఈ అభిప్రాయం సరైంది కాదు. రచయిత తన ఊళ్ళో ఉన్నప్పుడు దాచుకోగలిగిన దృక్పథం పరాయి ఊళ్ళో దాగదు. అక్కడ ఏది చూశాడు, ఏది చూడకుండా వదిలేశాడు, ఎవరి ఇంట్లో తిన్నాడు, ఎవరి గడప తొక్కలేదు అన్నవే అతని వర్గాన్ని బయట పెడతాయి. ముఖ్యంగా తిండి విషయంలో ఇది మరీ స్పష్టం.

ఈ మధ్య కాలంలో తెలుగులో ఐరోపా యాత్రా వ్యాసాలు విరివిగా వస్తున్నాయి. విదేశాల్లో ఉద్యోగం చేసే పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులు, సెలవులకు వెళ్ళే ఉద్యోగులు వీటిని రాస్తున్నారు. పారిస్‌లో ఫలానా వీధిలోని రొట్టెల దుకాణం, బ్రస్సెల్స్‌లో చాకొలెట్ల దుకాణం, వియన్నాలో కాఫీ, లండన్ బరో మార్కెట్‌లో చీజు ముక్కలు - వీటి వర్ణన లేని వ్యాసం అరుదు. రుచి చూడడం, పేరు చెప్పడం, ధర చెప్పడం, మీరూ వెళ్ళినప్పుడు తప్పక తినండని సలహా ఇవ్వడం వీటి పద్ధతి. తెలుగువాళ్ళు ఐరోపా వెళ్ళి రాయడం ఇవాళ కొత్త కాదు. పోతం జానకమ్మ పంతొమ్మిదో శతాబ్దంలోనే ఇంగ్లండు వెళ్ళింది. ఆమె యాత్రా గ్రంథం 'పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్' పేరుతో 1876లో ఇంగ్లీషులో వెలువడింది. కొత్తదల్లా, చూడడం కంటే తినడం ముఖ్యమై కూర్చోవడం.

రుచిని వర్ణించడం నేరమా అని ఎవరైనా అడగవచ్చు. కాదు. మనిషి శ్రమించి సాధించుకున్న వాటిలో రుచి ఒకటి. అభ్యుదయ సాహిత్యం రుచికి విరోధి కాదు, కాకూడదు. అయితే ఆ రుచి వెనక ఉన్న శ్రమను దాచిపెట్టే వర్ణనకు మాత్రం అది విరోధే. ఈ తేడాను మన సాహిత్యం నుంచే, అందులోనూ నల్లగొండ, పాలమూరు జిల్లాల అనుభవం నుంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2

ఊరూరా తిరిగి తిండి గురించి చెప్పడం మనకు ఐరోపావాళ్ళు నేర్పిన విద్య కాదు. 'క్రీడాభిరామం' చూడండి. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ఇద్దరూ కాకతీయుల ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. అంగళ్ళూ ఆటలూ పాటలూ చూస్తారు. పూటకూళ్ళ ఇంట్లో భోజనం సంగతి వస్తుంది. ఇల్లు ఎవరిదో పేరు చెప్పి, సన్నబియ్యపు అన్నం, గోధుమ పిండివంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుళ్ళు, గడ్డపెరుగు అని వరస చెప్పి, ఇదంతా ఒక రూకకు దొరుకుతుందని ధర కూడా చెప్పాడు కవి. ఇవాళ్టి ఐరోపా వ్యాసం చేసేది అచ్చంగా ఇదే పని. దుకాణం పేరు, తిండి పట్టిక, ధర.

కాని ఒక తేడా ఉంది. క్రీడాభిరామ కవి ఆ పూటకూళ్ళ ఇంటితో ఆగిపోలేదు. ఆ నగరంలో ఎన్ని కులాలవాళ్ళు, ఎన్ని వృత్తులవాళ్ళు, ఎన్ని కొలుపులు, ఎన్ని ఆటలు ఉన్నాయో అన్నీ కనపడేట్టు రాశాడు. అతని దృష్టి భోగి దృష్టే, సందేహం లేదు. అయినా కళ్ళు మూసుకోలేదు. అందుకే అది సాంఘిక చరిత్రకు ఆధారమైంది.

శ్రీనాథుడి సంగతి వేరు. పల్నాడు మీద ఆయనవిగా చెప్పుకునే చాటువుల్లో జొన్నకూడు మీద, జొన్న అంబలి మీద వెటకారం కనిపిస్తుంది. సన్నన్నం దొరకని దేశం ఒక దేశమా అన్నది ఆయన బాధ. మన పాఠశాలల్లో ఈ చాటువులను హాస్యానికి ఉదాహరణగా చెప్పారు, మనం నవ్వాం. జొన్నలు తిని బడికి వచ్చిన పిల్లవాడు కూడా తన తిండిని చూసి తానే నవ్వడం నేర్చుకున్నాడు. ఇది చిన్న విషయం కాదు. పాలక వర్గపు రుచిని పాలితుడి చేత ఒప్పించడం సాహిత్యం ద్వారా ఎట్లా జరుగుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. అదే శ్రీనాథుడు చివరి రోజుల్లో బొడ్డుపల్లెను గుత్తకు తీసుకుని, పంట కృష్ణ పాలై, మిగిలిన గింజలు పిట్టల పాలై, ఏడువందల టంకాలు కట్టలేక శిక్ష అనుభవించాడని మరో చాటువు చెబుతుంది. గింజ వెనక ఉన్న పన్ను, వరద, అప్పు అనుభవంలోకి వచ్చిన తర్వాత ఆ గొంతులో వెటకారం పోయింది. రెండు చాటువులనూ పక్కపక్కన పెట్టి పాఠం చెప్పే ఉపాధ్యాయులు ఎందరు?

ఇక ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఈయన 1830 మే 18న బయలుదేరి కాశీ దాకా వెళ్ళి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. గ్రంథం 1838లో అచ్చయింది. కృష్ణ దాటి పాలమూరు ప్రాంతం గుండానే ఆయన హైదరాబాదు చేరాడు. ప్రతి మజిలీలోనూ అంగళ్ళున్నాయా, కావలసిన సామాన్లు దొరుకుతాయా, నీళ్ళు మంచివేనా, బ్రాహ్మణ ఇళ్ళెన్ని అని ఆయన రాసుకున్నాడు. ఇది తెలుగు యాత్రా సాహిత్యానికి గట్టి పునాది. ఆయనకు తిండి రుచి కాదు, అవసరం. దారిలో తిండి దొరకకపోతే పరివారమంతా పస్తులుండాలి. అందుకే ఆ వివరాల్లో నిజాయితీ ఉంది. అయితే ఆయన పల్లకి మోసిన బోయీలు ఉన్నారు. ఆ మజిలీల్లో వాళ్ళు ఏం వండుకున్నారు, ఏ బావి నీళ్ళు తాగారు, ఆ నీళ్ళు తోడుకోవడానికి వాళ్ళకు అనుమతి ఉందా? ఆ ప్రయాణాన్ని అడుగు అడుగూ నడిచింది వాళ్ళు. వాళ్ళ యాత్రా చరిత్ర మాత్రం మనకు లేదు.

3

ఈ లోటును గుర్తించి, సాహిత్యాన్ని తిండి వైపు నుంచి తిరిగి చదివిన మొదటి గొప్ప విమర్శకుడు పాలమూరు మనిషే కావడం గమనించదగ్గది. సురవరం ప్రతాపరెడ్డి (1896-1953) గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడు వాడు. 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల యుద్ధాలను పక్కన పెట్టి, ప్రజలు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని కావ్యాలను ప్రశ్నించాడు. పాలకురికి సోమనాథుడి నుంచి, శ్రీనాథుడి నుంచి, క్రీడాభిరామం నుంచి ఆయన పంక్తులు కాదు, పదార్థాలు ఏరాడు. 1955లో తెలుగుకు మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆ గ్రంథానికే వచ్చింది. పురస్కారాన్ని గుర్తు పెట్టుకున్నాం. పద్ధతిని మాత్రం పరిశోధక విద్యార్థులకు కూడా సరిగా అప్పగించలేదు.

ఆ పద్ధతిని ఇవాళ్టి యాత్రా వ్యాసానికి వర్తింపజేస్తే ఏం తేలుతుంది? బ్రస్సెల్స్ చాకొలెట్ దుకాణాన్నే తీసుకుందాం. బెల్జియంలో కోకో చెట్టు పెరగదు. ప్రపంచంలో పండే కోకోలో సగానికి పైగా పండించేది పశ్చిమాఫ్రికాలోని ఐవరీకోస్ట్, ఘనా దేశాలు. అక్కడి తోటల్లో పిల్లల చేత పని చేయించడం ప్రపంచానికి తెలిసిన విషయమే. బ్రస్సెల్స్ నగరంలో యాత్రికుడు ఫోటో తీసుకునే కట్టడాల్లో కొన్ని, 1885 నుంచి 1908 దాకా కాంగోను సొంత ఆస్తిగా ఏలిన లియోపోల్డ్ రాజు రబ్బరు పిండి తెచ్చిన డబ్బుతో కట్టినవి. ఇవన్నీ రాస్తే చాకొలెట్ చేదెక్కుతుందని రచయిత భయపడితే, ఆ భయానికి కారణం ఏమిటో ఆయనే ఆలోచించాలి.

ఐరోపా రచయితలే ఈ పని చేసి చూపించారు. ఎమిలీ జోలా 1873లో పారిస్ లే హాల్ మార్కెట్ మీద ఒక నవల రాశాడు. మాంసం, చేపలు, కూరగాయలు, చీజు - ఆ అంగళ్ళ వర్ణనలో జోలాను మించినవాడు లేడు. కాని ఆ మార్కెట్‌లోకి ఆయన పాఠకుణ్ణి ఎవరితో పంపించాడు? ద్వీపాంతర శిక్ష నుంచి తప్పించుకుని, ఆకలితో సోలిపోయి, కూరగాయల బండి మీద నగరంలోకి వచ్చిన మనిషితో పంపించాడు. ఆకలిగొన్నవాడి కంటితో చూసినప్పుడే నిండిన అంగడి అర్థమవుతుంది. జార్జ్ ఆర్వెల్ 1933లో ప్రచురించిన పుస్తకంలో పారిస్ హోటల్‌ను భోజనశాల వైపు నుంచి కాదు, గిన్నెలు తోమే గది వైపు నుంచి చూశాడు. ఎంగెల్స్ 1845 నాటి గ్రంథంలో ఇంగ్లండు కార్మికుడు శనివారం సాయంత్రం కూలి డబ్బులు చేతికి వచ్చాక, మంచి సరుకంతా అమ్ముడైపోయిన అంగట్లో ఏ మిగులూ కుళ్ళూ కొనుక్కుంటాడో లెక్క చెప్పాడు. ఐరోపాకు వెళ్ళే మనవాళ్ళు దుకాణాల పేర్లు ముందే రాసుకుని వెళుతున్నారు. ఈ మూడు పుస్తకాలూ చదివి వెళితే అవే దుకాణాలు వేరుగా కనిపిస్తాయి.

4

ఇప్పుడు మన నేల మీదికి వద్దాం. ఐరోపాలో కొన్ని నగరాలు నీళ్ళ వల్లే ప్రసిద్ధికెక్కాయి. ఇంగ్లండులో బాత్, ఫ్రాన్సులో విషీ, చెక్ దేశంలో కార్లొవీవారీ. యాత్రికులు అక్కడి ఊటనీళ్ళను గ్లాసులో పోయించుకుని తాగి, రుచి ఎట్లా ఉందో రాస్తారు. ఆ లెక్కన నల్లగొండ నీళ్ళు కూడా ప్రపంచ ప్రసిద్ధమైనవే. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నార్కట్‌పల్లి ప్రాంతాల భూగర్భ జలంలోని ఫ్లోరైడు తరాల తరబడి ఎముకలను వంచింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దును ఇక్కడి బోర్లు ఎన్నోరెట్లు దాటాయి. జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1970లలో ఈ జిల్లాలో మోకాళ్ళు లోపలికి వంగిపోయిన పిల్లలను, యువకులను పరీక్షించి రాసిన వ్యాసాలు విదేశీ వైద్య పత్రికల్లో వచ్చాయి. పటిక, సున్నం కలిపి నీళ్ళలోని ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి నాగపూరులోని పర్యావరణ పరిశోధన సంస్థ పెట్టిన పేరే 'నల్గొండ టెక్నిక్'. ఈ జిల్లా పేరు ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కింది ఇట్లా! బాత్ నీళ్ళ రుచి రాసిన తెలుగు యాత్రికుడు మర్రిగూడ నీళ్ళ రుచి రాశాడా?

రెండో విషయం. 'పాలమూరు లేబర్' అనే మాట దేశమంతటా తెలుసు. గుంపు మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. ఆ అప్పుకు కట్టుబడి ఆలుమగలూ పిల్లలూ ప్రాజెక్టుల మీదికి పోతారు. ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు, రోడ్లు వేశారు. తరువాతి తరాలు ముంబయి, పుణె నగరాల్లో భవనాలు కడుతున్నాయి. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో, అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లో వచ్చాయి. మేస్త్రీ అడ్వాన్సు వాటిని దాటుకుని నడిచింది. తెలుగువాళ్ళలో వీళ్ళంత దూరాలు, వీళ్ళన్ని సార్లు ప్రయాణం చేసినవాళ్ళు ఎవరు? వీళ్ళు పోయిన చోట్ల ఏం తిన్నారు? పనిచోట వేసుకున్న గుడిసె ముందు మూడు రాళ్ళ పొయ్యి మీద ఏం వండారు? వారం ఖర్చులకు మేస్త్రీ ఇచ్చింది అప్పు లెక్కలో ఎంతకు తేలింది? ఇంటి నుంచి మూట కట్టుకుపోయిన జొన్న రొట్టెలు, ఎండుకారం ఎన్ని రోజులు వచ్చాయి? ఇది యాత్రా సాహిత్యం కాదంటారా?

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967లో నీళ్ళు వదిలారు. రాతి మీద రాయి పేర్చిన చేతుల్లో పాలమూరు చేతులున్నాయి. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వరి మాగాణాలయ్యాయి, మిల్లులు వచ్చాయి, సన్నబియ్యం దేశమంతా పోయింది. అదే నల్లగొండ జిల్లాలో కాలువ ఎక్కని మునుగోడు, దేవరకొండ పల్లెలు ఫ్లోరైడు నీళ్ళు తాగుతూ ఉండిపోయాయి. ఆనకట్ట కట్టిన కూలీ తిరిగి మేస్త్రీ దగ్గరికే పోయాడు. శ్రీనాథుడు అడిగిన సన్నన్నం చివరికి దొరికింది. ఎవరికి దొరికింది అన్నదే ప్రశ్న.

5

ఒక్క జొన్నగింజ చరిత్ర చూసినా సంగతి తెలుస్తుంది. శ్రీనాథుడి కాలంలో అది వెటకారానికి గురయింది. తర్వాత శతాబ్దాల పాటు మెట్ట పొలాల మనిషిని నిలబెట్టింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. పేదవాడి పళ్ళెంలోకి వరి అన్నం వచ్చింది. ఇది మేలే. పండుగనాడు తప్ప అన్నం ఎరగని ఇళ్ళున్న జిల్లాలివి. కాని బియ్యానికి ఉన్న ధర, సేకరణ, సాగునీటి మద్దతు జొన్నకు లేకపోయాయి. చేలు పత్తి వైపు, పడావు వైపు పోయాయి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించేనాటికి జొన్న ఆరోగ్యాహారమై అద్దాల దుకాణాల్లోకి ఎక్కింది. హైదరాబాదు వీధుల్లో సాయంత్రంపూట పెనం పెట్టుకుని జొన్నరొట్టెలు కొట్టి అమ్మే ఆడవాళ్ళలో పాలమూరు నుంచి వలస వచ్చినవాళ్ళున్నారు. చక్కెర జబ్బు వచ్చిన ఉద్యోగి కారు ఆపి కొనుక్కుంటాడు. కొట్టే చేతికి తెలిసిన విద్య అమ్ముడుపోతున్నది. ఆమె చేనులో మాత్రం జొన్న లేదు.

ఫ్రాన్సులో రోక్‌ఫోర్ అనే ఊరి పేరు మీద చీజు అమ్మే హక్కును 1925లోనే చట్టం చేసి కాపాడారు. మన దేశంలో అట్లాంటి చట్టం 1999లో వచ్చింది. హైదరాబాదు హలీమ్‌కు 2010లో, తాండూరు కందికి 2022లో గుర్తింపు వచ్చింది. పాలమూరు జిల్లా బాలానగర్ పేరు ఒక సీతాఫలం రకానికి ఉద్యానశాస్త్ర పుస్తకాల్లో దేశమంతా స్థిరపడింది. గుట్టల మీద తిరిగి ఆ కాయలు కోసి, గంపల్లో పేర్చి, రోడ్డు పక్కన కూర్చున్న మనిషికి ఆ పేరుతో వచ్చిందేమిటని అడగవలసింది రచయితే. చట్టం పేరును కాపాడుతుంది. పేరు వెనక ఉన్న చెయ్యిని కాపాడడం దాని పని కాదు.

6

ఇంతవరకు చెప్పింది మధ్యతరగతి యాత్రా రచయిత గురించి. మన వైపు కూడా చూసుకోవాలి. అభ్యుదయ కథల్లో, విప్లవ కథల్లో గంజి, అంబలి, గట్క ఎన్నోసార్లు వస్తాయి. కాని అవి పేదరికానికి గుర్తుగానే వస్తాయి. పాత్ర పేదవాడని చెప్పడానికి ఒక ముంత అంబలి తాగించి ముందుకు పోతాం. గట్క ఎట్లా వండుతారో ఆ కథ చదివితే తెలియదు. జొన్నలు తడిపి రోట్లో దంచి పొట్టు తీయాలి. ఇసుర్రాయిలో వేసి రవ్వ పట్టాలి. పిండి జల్లించి వేరు చేయాలి. ఎసట్లో రవ్వ పోసి గంటెతో తిప్పుతూ ఉడికించాలి. దాంట్లోకి మజ్జిగో, పచ్చిపులుసో, పుంటికూర తొక్కో కావాలి. తెల్లవారకముందు ఇసుర్రాయి దగ్గర కూర్చున్న ఆడమనిషి శ్రమ ఎంతో ఈ వివరంలో ఉంది. దాన్ని వదిలేసి 'గట్క' అని ఒక్క మాట రాస్తే, మనం కూడా ఆ శ్రమను దాచినవాళ్ళమే అవుతాం. ఐరోపా యాత్రికుడు రుచి చెప్పి శ్రమ దాచాడు. మనం ఆకలి చెప్పి శ్రమనూ రుచినీ రెండింటినీ దాచాం.

పేదవాడికి నాలుక లేదనుకోవడం కూడా వర్గ దృష్టే. సద్దుల బతుకమ్మనాడు చేసే మలీద, పీర్ల పండుగకు కలిపే షర్బత్, సంక్రాంతికి బట్ట మీద చుట్టే సకినాలు, కల్లు మండువ దగ్గర ఉడికిన గుడాలు - ఇవన్నీ ఎన్నిక, ఓపిక, నేర్పు ఉన్న రుచులు. ఇవి కథలోకి రానంతకాలం మన పాత్రలు సగం మనుషులుగానే ఉంటారు.

తిండి రాజకీయమైన సందర్భాలు కూడా ఈ నేల మీదే ఉన్నాయి. సాయుధ పోరాట కాలంలో లెవీ గింజలు, వెట్టి, కౌలు - వీటన్నిటి కేంద్రం పండిన పంట ఎవరిదన్న ప్రశ్నే. అప్పటి నల్లగొండ జిల్లాలో ఉన్న పాలకుర్తిలో చాకలి ఐలమ్మ నిలబడింది తన పంట గింజల కోసం. స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన 'మనకు తెలియని మన చరిత్ర'లో పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ మాటల్లో తమ అనుభవాలు చెప్పారు. పోరాట చరిత్రలు ఎన్నో వచ్చాయి. కాని దళాలకు వండిపెట్టినవాళ్ళను, దాచిపెట్టి మోసుకుపోయినవాళ్ళను చరిత్రలో భాగంగా చూడాలన్న పట్టింపు ఆ పుస్తకంతోనే బలపడింది. మన కథకులకు అది వస్తు భాండాగారం.

7

యాత్రా రచనను అంచనా కట్టడానికి విమర్శకుడు వేయవలసిన ప్రశ్నలు కష్టమైనవేమీ కావు. ఈ పదార్థం ఎక్కడ పండింది? పండించినవాడు దాన్ని తినగలుగుతున్నాడా? వండినవాళ్ళు, మోసినవాళ్ళు, గిన్నెలు కడిగినవాళ్ళు రచనలో ఉన్నారా? ధరను రూకల్లో, యూరోల్లో చెప్పిన రచయిత, అది ఒక కూలీకి ఎన్ని రోజుల పని అని లెక్క కట్టాడా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పిన రచన పారిస్ గురించి రాసినా మనదే. చెప్పనిది పాలమూరు గురించి రాసినా పరాయిదే.

2016 తర్వాత పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు ఎన్నో ముక్కలయ్యాయి. జిల్లా పేర్లు మారాయి, వలస దారులు మారలేదు. ఈ ప్రాంతపు కళాశాలల్లో తెలుగు చదువుతున్న విద్యార్థుల్లో చాలామంది ఇళ్ళల్లో ప్రాజెక్టుల మీదికి పోయి వచ్చిన తాతలు, ముంబయి బస్సు ఎక్కిన తల్లులు ఉన్నారు. వాళ్ళ దగ్గర కూర్చుని, ఏ ఊళ్ళో పని చేశారో, అక్కడ ఏ అంగట్లో ఏం కొన్నారో, ఏం వండుకున్నారో, ఏది నోటికి నచ్చిందో, ఏది కడుపులోకి దిగలేదో అడిగి రాసుకోవాలి. ఆనకట్ట మీద పనిచేసిన తరం వెళ్ళిపోతున్నది. సురవరం కావ్యాల్లోంచి ఏరి రాసిన చరిత్రను ఇప్పుడు మనుషుల నోటి నుంచి విని రాయవలసి ఉంది. తెలుగు యాత్రా సాహిత్యంలో రాయకుండా మిగిలిపోయిన అతి పెద్ద అధ్యాయం అదే.